కోడలికి బదులుగా చెప్పిన జవాబు

ఇటు జరగండమ్మా, ఇంకొంచెం దగ్గరికి రండి. ఆ టీవీ గొంతు తగ్గించి, పిల్లలుంటే ఒళ్లో కూర్చోబెట్టుకొని వినండి. ఇది నారాయణఖేడ్‌లో జరిగిన ముచ్చట. రాష్ట్రం ఇంకా ఒక్కటిగానే ఉన్న రోజులు. ఇంటికో సెల్‌ఫోన్ రాని రోజులు. ఎవరికైనా కబురు చెప్పాలంటే మనిషే నడిచి పోవాలి. అలా నడిచి వచ్చిన ఒక కబురు చేరాల్సిన చెవిన పడకముందే ఆగిపోయింది. కథంతా అక్కడే ఉంది.

ఆ రోజు కూడా అన్ని రోజుల్లాగే తెల్లవారింది. రిబ్కమ్మ పొయ్యి ముందు కూర్చొని జొన్న రొట్టె కొడుతోంది. కోడలు కోమల చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ ఆఫీసుకు తయారవుతోంది. మనవరాలు లిల్లీ గడప మీద కూర్చొని రొట్టె ముక్కను వెల్లుల్లి కారంలో అద్దుకొని, మంటకు ఉఫ్ ఉఫ్ అనుకుంటూ తింటోంది.

ఆ ఇంట్లో మగదిక్కు లేదు. రిబ్కమ్మ పెనిమిటి మత్తయి ఎప్పుడో పోయాడు. కొడుకు యేసుబాబు పల్లెల పంచాయతీల పని చూసే సర్కారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా ఉండేవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఛాతీ పట్టుకొని పక్కకు ఒరిగిపోయాడు. అదే ఆఫీసులో అటెండరు మొగులప్ప అతన్ని భుజాన వేసుకొని దవాఖానకు ఉరికాడు. దారిలోనే ప్రాణం పోయింది. సర్కారు కనికరించి కోమలకు కొలువిచ్చింది. కానీ ఆమె చదువు అప్పటికి పదో తరగతే కాబట్టి అటెండరు కొలువిచ్చింది. మొగుడు కూర్చున్న కుర్చీలో ఇంకెవరో కూర్చుంటే, వాళ్ళకు మంచినీళ్ళు అందించే కొలువు అది.

కోమల పగలు ఫైళ్ళు మోసింది, ఇంటికొచ్చి పుస్తకం పట్టింది, ఇంటర్ పాసయింది. అంతలో ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చాయి. వాటికో ప్రత్యేకమైన గది. లోపలికి పోవాలంటే చెప్పులు బయట విడవాలి. దుమ్ము పడకుండా వాటికి తెల్లగుడ్డ కప్పేవారు. పొద్దున్నే ఆ గుడ్డ తీసి, దులిపి, మడతపెట్టేది కోమలే. మీటల మీద వేలు పెట్టడానికి మాత్రం లేదు. అందుకని లిల్లీని నిద్రపుచ్చేటప్పుడు దాని వీపు మీద వేళ్ళు ఆడించేది.

"మమ్మీ, నా వీపు మీద ఏం రాస్తున్నవ్?" అని అడిగేది పిల్ల.

"నీ పేరే. పండుకో."

పక్క మంచం మీద నుంచి రిబ్కమ్మ ఇదంతా వినేది. విని, గోడవైపు తిరిగి పడుకునేది. ఎందుకు తిరిగేదో చెబుతాను.

ఆ పొద్దున కోమల చెప్పులు వేసుకుంటూ అంది. "అత్తమ్మా, ఇయ్యాల జల్దీ పోవాలె. కొత్త జూనియర్ అసిస్టెంట్ వస్తున్నది, కంగ్టి నుంచి."

"ఎవరామె?"

"శైలశ్రీ అంట. మొన్నటిదాంక ఆమె గూడ నా లెక్కనే అటెండరంట. హైదరాబాదుల ఏదో ట్రైనింగ్ చేసొచ్చిందంట. ఇగ ఆయన కుర్చీల ఆమెనే కూసుంటది."

రిబ్కమ్మ అరచేతుల మధ్య రొట్టె రెండు ముక్కలైంది.

"ఏందత్తమ్మా, నీ చేతిల రొట్టె ఇరుగుడు నేనెన్నడు చూడలే."

"పిండి పాతదైంది బిడ్డా."

"నిన్ననే గదా గిర్నీల పట్టించుకొచ్చినం," అంది లిల్లీ గడప మీద నుంచి.

"నువ్వు తిను. తినే నోటితోని మాట్లాడొద్దు," అని కసిరింది రిబ్కమ్మ. కోమల నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. రిబ్కమ్మ ఆ విరిగిన రొట్టెను పెనం మీద వెయ్యకుండా అలాగే చేతిలో పట్టుకొని కూర్చుంది.

సంగతేమిటంటే, పోయిన కోతకాల పండుగ నాటిది. ఖేడ్‌లో చర్చికి కోతకాల పండుగంటే ఊరు ఊరంతా వస్తుంది. విశ్వాసులు తమ పంటలో మొదటిది దేవుడికని తెస్తారు. జొన్న కంకులు, కంది కట్టలు, గుమ్మడికాయలు, కోళ్ళు, మేకపిల్లలు కూడా వస్తాయి. ఆరాధన అయ్యాక అవన్నీ చర్చి ఆవరణలోనే హర్రాజు పాడతారు. ఆ హర్రాజుకు కులం, మతం లేదు. కన్నడం మాట్లాడే కోమట్లు, లింగాయత్‌లు కూడా వచ్చి గుమ్మడికాయ పాడుకొని పోతారు. ఆ గోలలో మొగులప్ప గేటు దగ్గర నిలబడి రిబ్కమ్మను చెయ్యెత్తి పిలిచాడు.

"పెద్దమ్మా, కోమల యాడున్నది?"

"వంటకాడున్నది. ఏంది సంగతి?"

"సారు తోలిండు. జిల్లా నుంచి ఫోనొచ్చిందంట. ఇంటర్ పాసైన అటెండర్లకు హైదరాబాదుల ట్రైనింగ్ ఇస్తరంట, కంప్యూటర్ గూడ నేర్పిస్తరంట. అది చేసినోళ్ళను జూనియర్ అసిస్టెంట్ చేస్తరంట. రేపు పొద్దుగాల్నే పేరియ్యాలె. లోపట అందరు ఆడోళ్ళే, నేనెట్ల పోవాలె. నువ్వు అడిగి చెప్పు."

రిబ్కమ్మ వంటల వైపు చూసింది. పొగలో కోమల కొంగు బిగించి పెద్ద గంటెతో కూర కలుపుతోంది. హైదరాబాదు. ఆ తర్వాత కొత్త కొలువు ఏ ఊళ్ళో వేస్తారో ఏమో. కోమల పోతే లిల్లీ పోతుంది. కోమల వయసులో ఉన్న పిల్ల, నలుగురూ చూస్తారు, రేపు ఇంకో పెళ్ళి చేసుకుంటుంది. అప్పుడిక తన యేసుబాబు గుర్తంటూ గోడ మీద ఫోటో తప్ప ఏం మిగులుతుంది?

ఆ ఇంట్లో ఇంకో అలవాటు కూడా ఉంది. బయటివాళ్ళు ఏది అడిగినా జవాబు ఇంటి పెద్దే చెప్పాలి. మత్తయి ఉన్నప్పుడు మత్తయి చెప్పాడు, తర్వాత యేసుబాబు చెప్పాడు, ఆ తర్వాత రిబ్కమ్మ చెబుతూ వచ్చింది. సంబంధాల ముచ్చటైనా, చర్చి పనైనా, పక్కింటికి పెనం ఇవ్వడమైనా కోమల ఎన్నడూ అడ్డు మాట్లాడలేదు. అలా అలవాటైన నాలుక ఆ రోజు కూడా తిరిగింది.

"ఆమెకు పోవుడు ఇష్టం లేదు బిడ్డా. చిన్నపిల్ల ఉన్నది గదా."

"అడిగినవా మరి?"

"ఇంట్ల అనుకున్నం ముందుగాల్నే."

మొగులప్ప తల ఊపాడు. "సరే పెద్దమ్మా. నీ మాటంటే ఆమె మాటనే గదా."

అంతే. అతను పోయాడు. వెనక ఎవరో గుమ్మడికాయకు ఇంకో పాట పెంచారు, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత విందులో కోమల విస్తరి తెచ్చి ముందు పెట్టి, "అత్తమ్మా, నీ పండ్లకు నమలొస్తదని మెత్తటి ముక్క తీసిపెట్టిన," అంది. ఆ ముక్క గొంతు దిగడానికి రిబ్కమ్మ ఎన్ని నీళ్ళు తాగిందో ఆ దేవుడికే తెలుసు. ఆనాటి నుంచీ ఆమె గోడవైపు తిరిగే పడుకుంటోంది.

రొట్టె విరిగిన ఆ రోజు సాయంత్రం కోమల ఇల్లు చేరింది. చెప్పులు విడవకుండానే అరుగు మీద కూలబడింది.

"ఏమైంది బిడ్డా?"

"ఆమెకు నీళ్ళిచ్చిన అత్తమ్మా. గ్లాసు తీసుకొని లేచి నిలబడ్డది, మంచిది పాపం. 'అక్కా, నీకు రావాల్సిన సీటు నాకొచ్చింది, నువ్వు వద్దన్నవంట గదా' అన్నది. నేనెప్పుడు వద్దన్న అత్తమ్మా? నన్నెవరడిగిన్రు? సారును అడిగిన. 'మొగులప్పను తోలిన, నువ్వు ఇష్టం లేదన్నవని చెప్పిండు' అన్నడు."

రిబ్కమ్మ నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే మొగులప్ప తడిక తోసుకొని లోపలికి వచ్చాడు. అంగడి రోజు వచ్చిందంటే లిల్లీకి వేయించిన పల్లీలు తేవడం అతనికి యేసుబాబు పోయిన నాటి నుంచీ అలవాటు.

"ఏదమ్మా మా లిల్లమ్మ? పల్లీలు సల్లగైతున్నయ్."

కోమల లేచి నిలబడింది. "మొగులప్పన్నా, ఒక్క మాట చెప్పు. ట్రైనింగ్ సంగతి నన్నెప్పుడడిగినవ్?"

అతని చెయ్యి పొట్లం మీదే ఆగిపోయింది. కోమల ముఖం చూశాడు. ఆమె భుజం మీదుగా రిబ్కమ్మను చూశాడు. రిబ్కమ్మ తల దించుకొని కాలి బొటనవేలితో నేల గీస్తోంది. ఆ ఒక్క చూపులో అతనికి అంతా అర్థమైంది.

"అడగలే," అన్నాడు మెల్లగా. "పండుగ గడబిడల మర్సిపోయిన. చిన్నపిల్ల ఉన్నది, యాడ పోతదిలే అని నేనే అనుకొని సారుకు చెప్పిన. తప్పు నాదే."

"నువ్వనుకున్నవా? నా బతుకు గురించి నువ్వనుకున్నవా?" కోమల అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆయనను భుజం మీదేసుకొని ఉరికినోడివని ఇన్ని దినాలు నిన్ను తోడబుట్టినోని లెక్క చూసిన. ఇగ ఈ ఇంటికి రాకన్నా."

మొగులప్ప పొట్లాన్ని గడప మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. రిబ్కమ్మకు అతన్ని వెనక్కి పిలవాలని ఉంది, కానీ నిజం చెబితే కోడలు పిల్లను తీసుకొని వెళ్ళిపోతుంది. ఆ భయం ఒక్కటే ఆమెను నేలకు మేకు కొట్టినట్టు కూర్చోబెట్టింది.

దీపాలు పెట్టాక ఇంటి ప్రార్థనకు ముగ్గురూ మోకరించారు. ఆ రోజు ప్రార్థన కోమలది. "తండ్రీ, మొగులప్పన్న మీద నాకు చానా కోపమున్నది. క్షమించే మనసు నాకియ్యి. నాకు చెప్పకుండ దాసినోళ్ళ మనసు గూడ నువ్వే మార్చు," అని ముగించింది. లిల్లీ "ఆమెన్" అంది. రిబ్కమ్మ అనలేకపోయింది.

"నాయినమ్మ ఆమెన్ అనలే," అంది లిల్లీ.

"అలిసిపోయింది, ఊకో," అంది కోమల. అత్త పక్క సర్ది, దుప్పటి కాళ్ళ దాకా కప్పింది. ఆ దుప్పటి కింద రిబ్కమ్మకు ఒళ్ళంతా మండిపోయింది.

తర్వాత వచ్చిన అంగడి రోజున కూరగాయల దగ్గర మొగులప్ప భార్య రుక్కమ్మ ఎదురుపడింది. ఆమె నోరు సామాన్యమైంది కాదు.

"ఏం రిబ్కమ్మా, వంకాయలు మంచిగున్నయా? మేము మనూర్ పోయినంక మాకు ఈ ఖేడ్ వంకాయలు యాడ దొరుకుతయ్ తియ్యి."

"మనూర్ ఎందుకు పోతరు?"

"నీకు తెల్వదా? నీ కోడలు సారుకు రాసిచ్చింది. అబద్ధం చెప్పినందుకు మా ఆయనను మనూర్‌కు తోలేస్తరంట. మోకాళ్ళ నొప్పులతోని దినాం ఆటోల వేలాడుకుంట పోవాలె. 'ఎందుకయ్యా గట్ల చెప్పినవ్' అని ఎంతడిగినా పలుకడు. ఇంట్ల గోడకన్నా చెవులుంటయ్ గని ఆయనకు నోరు లేదు." ఆమె వంకాయ ఒకటి ఒత్తి చూసి పక్కన పడేసింది. "నీ కొడుకును మోసిన భుజమే గదా. మంచి ఇనామిచ్చిన్రు."

రిబ్కమ్మ సంచి అక్కడే వదిలేసి నడిచింది. ఇంటివైపు కాదు, ఆఫీసువైపు. కొడుకు పోయాక ఆ మెట్లు ఆమె ఒక్కనాడూ ఎక్కలేదు. ఆ కుర్చీని చూస్తే గుండె ఆగుతుందేమోనని భయం. ఇప్పుడు చూసింది. కుర్చీలో కూర్చున్న పిల్ల సన్నగా ఉంది, నుదుట విభూతి గీత ఉంది. ముసలామెను చూసి లేచి నిలబడి, "కూర్చోండమ్మా," అంది. శైలశ్రీయే. ఆ పిల్ల ముఖంలో ఏ పాపమూ కనపడలేదు. పాపం ఎక్కడుందో రిబ్కమ్మకు తెలుసు.

ఆఫీసరు గదిలోకి పోయింది. మొగులప్ప గోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. కోమల చాయ్ గ్లాసుల పళ్ళెంతో అప్పుడే లోపలికి వచ్చింది.

"అత్తమ్మా? ఏమైంది, లిల్లీకి ఏమన్న అయిందా?"

"లిల్లీకి ఏం గాలే."

"కూర్చోమ్మా," అన్నాడు ఆఫీసరు.

"కూసోను సారూ. కూసుంటే మళ్ళ చెప్పలేను." రిబ్కమ్మ కొంగు చివర పిడికిట్లో బిగించింది. "మొగులప్ప అబద్ధం చెప్పలే. కోమలకు ఇష్టం లేదని నేను చెప్పిన. చర్చి గేటుకాడ. నేను చెప్పిందే ఆయన మీకు చెప్పిండు. కోమలను ఎవరు అడగలే, నేనే అడగనియ్యలే."

"పెద్దమ్మా, ఊకో," అన్నాడు మొగులప్ప.

"ఊకున్న గదరా ఇన్ని దినాలు. నువ్వు నా తప్పు నెత్తిన పెట్టుకొని పోతుంటే అరుగు మీద కూసోని చూసిన."

కోమల ఆఫీసరు ముందు ఒక గ్లాసు పెట్టింది. ఒక గ్లాసు తీసి మొగులప్ప చేతికిచ్చింది. అత్తవైపు చూడకుండానే బయటికి వెళ్ళిపోయింది. కొట్టినా రిబ్కమ్మకు అంత నొప్పి పుట్టేది కాదు.

ఇల్లు చేరగానే రిబ్కమ్మ తన చీరలు ఒక సంచిలో కుక్కుకుంది. యేసుబాబు ఫోటో గోడ మీద నుంచి తియ్యబోయి, వద్దనుకొని, అది లిల్లీకి తండ్రి ఫోటో కదా అని మళ్ళీ తగిలించింది. సంచి ఒళ్ళో పెట్టుకొని గడపలో కూర్చుంది. పొద్దు వాలుతుండగా కోమల వచ్చింది.

"యాడికి?" అంది సంచి చూసి.

"కల్హేర్‌కు. మా చెల్లె లీలమ్మ ఇంటికి."

"ఎవరు పొమ్మన్నరు?"

"నువ్వు పొమ్మంటవు గదా. అనిపించుకోక ముందే పోదామని."

కోమల అత్త ముందు నేల మీద కూర్చుంది. "చూసినవా అత్తమ్మా? మళ్ళ నా జవాబు నువ్వే చెప్తున్నవ్."

రిబ్కమ్మకు ఆ మాట తగలడానికి ఒక క్షణం పట్టింది. తగిలాక, కొడుకు పోయిననాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. గేటు దగ్గర చేసింది ఒక్కనాటి తప్పనుకుంది ఇన్నాళ్ళు. కాదు, ఇంటికి వచ్చిన కోడలికి ఒక నోరుందన్న సంగతే తాను మరిచిపోయింది. భయపడినా ఆమె జవాబు తనే చెప్పింది, సిగ్గుపడినా తనే చెబుతోంది.

"నన్నడిగితే ఏమంటుంటినో ఎరుకనా?" అంది కోమల.

"పోతనంటవని భయమైంది బిడ్డా. నువ్వు పోతే లిల్లీ పోతది. మీరిద్దరు పోతే నా కొడుకు రెండోసారి పోయినట్టే."

"పోతననే అంటుంటి. గా కుర్చీల కూసోవాలని నాకెంత ఆశనో నీకు తెల్వదా? గని నిన్నిడిసి పోతనని ఎట్లనుకున్నవ్? నాకిప్పటికీ జొన్న రొట్టె కొట్టరాదు. ఎవరు చేసి పెడ్తరనుకున్నవ్?" కోమల కళ్ళు తుడుచుకుంది. తనవీ, అత్తవీ. "నా కోపం పోలేదు. ఇంత జల్దీ పోదు కూడ. ఇంట్లనే ఉండి నా కోపం పడు. సంచి లోపట పెట్టు."

ఆ కోపం పోవడానికి చాలా కాలమే పట్టింది. కొన్నాళ్ళు అత్తా కోడళ్ళ మధ్య మాటలు లిల్లీ ద్వారానే నడిచాయి. "మీ నాయినమ్మను తినుమను." "మీ మమ్మీని గొడుగు తీస్కపొమ్మను." అయినా పక్క సర్దడం కోమల మానలేదు, రొట్టె కొట్టడం రిబ్కమ్మ మానలేదు. మొగులప్పను మనూర్‌కు తోలలేదు. కోమలే వాళ్ళింటికి పోయి, "అన్నా, తప్పైంది. మళ్ళ రా," అంది. రుక్కమ్మ ఊరికే వదలలేదు. చాయ్ పోస్తూ పోస్తూ, వదలాల్సిన మాటలన్నీ వదిలాకే వదిలింది. శైలశ్రీ మాత్రం పని అయ్యాక కోమలను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, సారు అనుమతితోనే, మీటలు చూపించేది. అప్పటి నుంచి లిల్లీ వీపు కొంచెం ఊపిరి పీల్చుకుంది.

మళ్ళీ కోతకాల పండుగ వచ్చింది. మళ్ళీ కంది కట్టలు, కోళ్ళ అరుపులు, హర్రాజు. మొగులప్ప గేటు దగ్గర నిలబడి చెయ్యి ఎత్తాడు, ఎందుకో సగంలోనే దించాడు. రిబ్కమ్మే ఎదురు నడిచింది.

"ఏంది బిడ్డా?"

"మళ్ళ ట్రైనింగ్ పడ్డదంట పెద్దమ్మా. కోమల..." అని నసిగాడు.

"పా," అని అతని చెయ్యి పట్టుకొని, ఆడవాళ్ళందరి మధ్యలోంచి, పొగలోంచి, వంట దగ్గరికి తీసుకుపోయింది. "కోమలా, నీ కోసం వచ్చిండు. నిన్నేదో అడుగుతడంట." చెప్పి, తాను నడుచుకుంటూ పోయి, వాళ్ళ మాటలు వినపడనంత దూరంలో గుమ్మడికాయల పక్కన నిలబడింది. చెవులు అటే లాగుతున్నాయి. అయినా తిరిగి చూడలేదు.

కాసేపటికి కోమల గంటె చేతిలో పట్టుకునే వచ్చింది. "పోతనన్న."

"మంచిది బిడ్డా." రిబ్కమ్మ నోట ఆ మాట మనస్ఫూర్తిగానే వచ్చింది.

"మరి నువ్వు? ఇక్కడుంటవా, నాతోని వస్తవా?"

రిబ్కమ్మ కోడలి ముఖంలోకి చూసింది. పుట్టిన నాటి నుంచి, ఏ ఊరు పోతావు, ఎక్కడ ఉంటావు అని తనను అడిగినవాళ్ళు లేరు. తల్లిదండ్రులు అడగలేదు, మత్తయి అడగలేదు.

"నన్నడుగుతున్నవా?"

"నిన్నే."

"అయితే ఒక్కమాట. ముందుగాల లిల్లీని అడుగుదాం పా."

లిల్లీ కోడిపిల్లల బుట్ట దగ్గర ఉంది. ఇద్దరూ దాని ముందు కూర్చొని అడిగారు. పిల్ల బాగా ఆలోచించి, "ఏ ఊరైనా సరే గని, బస్సుల కిటికీకాడ నేనే కూసుంటా," అంది. "అయితే నేను గూడ వస్త, నీ పక్కన కూసుంటా," అంది రిబ్కమ్మ.

అదమ్మా ముచ్చట. ఇది మీ దగ్గరే ఆపెయ్యకండి. రేపు మీ గడప ముందు ఎవరైనా నిలబడి, ఇంట్లో ఉన్న మనిషి గురించి మిమ్మల్ని అడిగితే, ఆ చర్చి గేటునూ రిబ్కమ్మనూ ఒక్కసారి తలుచుకోండి. తలుచుకొని, మీ పిల్లలకు కూడా చెప్పండి. చెప్పేటప్పుడు ఇంకేది మరిచినా సరే, ఆ కిటికీ సీటు మాట మాత్రం మరవకండి.